సామాన్యుని సంతకం

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రజాస్వామ్యంలో పౌరుని బాధ్యత ఓటు వేయడంతో ముగిసిపోదు. తన చుట్టూ ఉన్న అన్యాయాన్ని గుర్తించడం, నలుగురినీ కూడగట్టడం, పాలకులను న్యాయబద్ధంగా ప్రశ్నించడం కూడా పౌరధర్మమే. బ్రిటన్ దేశంలో పదవిగానీ ధనంగానీ లేని సామాన్యులు తమ ఊరిలో మొదలుపెట్టిన ఉద్యమాలు దేశ చట్టాలనే మార్చిన తీరును విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

చట్టాన్ని చేసేది చట్టసభ. అయితే ఆ చట్టం అవసరమన్న స్పృహ మొదట చట్టసభలోనే పుట్టాలన్న నియమం లేదు. అది రేవుపట్టణంలో చేపలు శుభ్రంచేసే స్త్రీ గుండెలో పుట్టవచ్చు. చిన్న ముద్రణాలయంలో సమావేశమైన పన్నెండుమంది ఆలోచనలో పుట్టవచ్చు. ఉద్యోగం కోసం వెళ్లి అవమానంతో తిరిగివచ్చిన యువకుని మౌనంలోనూ పుట్టవచ్చు. పార్లమెంటరీ వ్యవస్థకు పుట్టినిల్లుగా పేరుపొందిన బ్రిటన్ చరిత్రను పరిశీలిస్తే ఈ సత్యం అడుగడుగునా గోచరిస్తుంది.

రాజుకు విన్నపం చేసుకొనే హక్కు ప్రజలకు ఉందని, విన్నవించినందుకు వారిని నిర్బంధించరాదని 1689నాటి హక్కుల చట్టం ఆ దేశంలో ప్రకటించింది. ఆ తర్వాత నూరేళ్లు గడిచినా ఓటుహక్కు కొద్దిమంది ఆస్తిపరులకే పరిమితమై ఉండేది. కూలివానికి ఓటు లేదు. స్త్రీకి ఓటు లేదు. అయినా విన్నపపత్రం మీద సంతకం చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఓటులేని చేతికి ఆ సంతకమే ఆయుధమైంది.

1787 మే 22న లండనులోని ఒక ముద్రణాలయంలో పన్నెండుమంది సమావేశమయ్యారు. వారిలో తొమ్మండుగురు క్వేకరు అనే క్రైస్తవశాఖకు చెందినవారు. ఆఫ్రికా ప్రజలను నౌకలలో కుక్కి, అట్లాంటిక్ సముద్రం దాటించి, పశువులవలె అమ్మే బానిసవ్యాపారాన్ని రూపుమాపడమే ఆ సంఘం లక్ష్యం. ఆనాడు ఆ వ్యాపారం చట్టసమ్మతం. లివర్‌పూల్, బ్రిస్టల్ వంటి రేవుల సంపద దానిమీదనే ఆధారపడి ఉండేది. అంతటి బలమైన వ్యవస్థను పన్నెండుమంది కదిలించగలరని ఆనాడు నమ్మినవారు తక్కువ.

ఆ పన్నెండుమందిలో ఒకడైన థామస్ క్లార్క్‌సన్ గుర్రంమీద ఊరూరా తిరిగి సాక్ష్యాలు సేకరించాడు. రేవులలో నావికులను కలుసుకొని వారు కళ్లారా చూసినది అడిగి రాసుకున్నాడు. బానిసలకు వేసే సంకెళ్లను కొని తెచ్చి సభలలో ప్రదర్శించాడు. బ్రూక్స్ అనే నౌకలో మనుషులను ఎంత ఇరుకుగా పేర్చేవారో చూపే చిత్రపటాన్ని సంఘం అచ్చువేసి పంచింది. తాను స్వయంగా బానిసత్వం అనుభవించిన ఒలౌడా ఈక్వియానో 1789లో తన జీవితకథను ప్రచురించి, దేశమంతటా తిరిగి ప్రసంగించాడు. ఎక్కడో సముద్రానికి ఆవల జరుగుతున్న ఘోరం ఈ విధంగా బ్రిటన్ ప్రజల కళ్లముందు నిలిచింది.

1791లో ఆ వ్యాపారాన్ని నిషేధించాలని విలియం విల్బర్‌ఫోర్స్ ప్రవేశపెట్టిన ప్రతిపాదనను పార్లమెంటు తిరస్కరించింది. దానితో ప్రజలు నిరాశచెంది ఊరకుండలేదు. బానిసల శ్రమతో పండిన చెరకునుండి తీసిన చక్కెరను మానివేయాలని వేలాది గృహిణులు నిశ్చయించుకున్నారు. ఓటులేని స్త్రీలు వంటింటినే రాజకీయ వేదికగా మలచుకున్నారు. 1792లో ఆ వ్యాపారానికి వ్యతిరేకంగా 519 విన్నపపత్రాలు పార్లమెంటుకు చేరాయి. అప్పటికీ ఫలితం వెంటనే రాలేదు. ఫ్రాన్సుతో యుద్ధం మొదలయింది. ఉద్యమం చల్లబడింది, మళ్లీ రాజుకుంది. చివరికి 1807లో బానిసవ్యాపారాన్ని నిషేధించే చట్టం వచ్చింది. ముద్రణాలయంలో జరిగిన తొలి సమావేశానికి, ఆ చట్టానికి నడుమ ఇరవై సంవత్సరాలు గడిచాయి.

ఈ విజయానికి ఉన్న పరిమితులను కూడా గుర్తించాలి. వ్యాపారం ఆగినా బానిసత్వం ఆగలేదు. దాని రద్దుకు 1833వరకు వేచివుండవలసి వచ్చింది. దానికి బ్రిటన్‌లోని ఉద్యమంతోపాటు కరీబియన్ దీవులలో బానిసలు స్వయంగా చేసిన తిరుగుబాట్లు కూడా కారణమే. చట్టం వచ్చినప్పుడు ప్రభుత్వం రెండుకోట్ల పౌన్ల పరిహారం కేటాయించింది. అది యజమానులకు దక్కింది. బానిసలుగా బతికినవారికి ఒక్క కాసైనా ముట్టలేదు. ఈస్టిండియా కంపెనీ పాలనలోని భారతదేశాన్ని ఆ చట్టం పరిధినుండి మినహాయించారు. బానిసలు విడిచిన చెరకుతోటలలో పనిచేయడానికి భారతదేశంనుండి ఒప్పందకూలీలను తరలించారు. మారిషస్‌కు, నేటాల్‌కు ఒప్పందకూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారు కూడా ఎందరో ఉన్నారు. ఒక చట్టం సాధించడంతో న్యాయం సంపూర్ణం కాదని, దాని అమలును కనిపెట్టి ఉండడం కూడా పౌరుల పనేనని ఈ చరిత్ర బోధిస్తుంది.

తర్వాతి తరంలో శ్రామికులు తమకే ఓటు కావాలని కదిలారు. ఆరు కోరికలతో 1838లో ప్రకటించిన ప్రజల అధికారపత్రంవల్ల వారికి చార్టిస్టులు అనే పేరు వచ్చింది. ఇరవైయొక్క ఏళ్లు నిండిన ప్రతి పురుషునికి ఓటు, రహస్య ఓటింగు, పార్లమెంటు సభ్యులకు జీతం, సభ్యత్వానికి ఆస్తి అర్హత తొలగింపు, సమాన నియోజకవర్గాలు, ఏటేటా ఎన్నికలు అన్నవి వారి కోరికలు. 1842లో ముప్పైలక్షలకు పైగా సంతకాలున్న విన్నపపత్రాన్ని వారు సమర్పించారు. పార్లమెంటు దానిని తోసిపుచ్చింది.

1848లో వారు మరొక విన్నపం సమర్పించారు. అందులో యాభైలక్షలకు పైగా సంతకాలున్నాయని నాయకులు ప్రకటించారు. పార్లమెంటు ఉద్యోగులు లెక్కించగా ఇరవైలక్షలకు లోపే తేలాయి. విక్టోరియా రాణి పేరుతో సహా ఎన్నో దొంగ సంతకాలు అందులో బయటపడ్డాయి. నిజమైన లక్షల సంతకాలుకూడా ఆ కొద్దిపాటి అబద్ధంవల్ల నవ్వులపాలయ్యాయి. కుండెడు పాలకు ఒక్క ఉప్పురాయి చాలునన్నట్లు, న్యాయమైన కోరికకు అసత్యం తోడైతే కోరికే చులకనవుతుంది. అయినప్పటికీ చార్టిస్టుల ఆశయాలు నశించలేదు. 1872లో రహస్య ఓటింగు, 1911లో సభ్యులకు జీతం, 1918లో వయోజన పురుషులందరికీ ఓటు వచ్చాయి. ఏటేటా ఎన్నికలు తప్ప మిగిలిన అయిదు కోరికలు కాలక్రమంలో నెరవేరాయి. స్త్రీలకు పురుషులతో సమానంగా ఓటుహక్కు రావడానికి మాత్రం మరొక సుదీర్ఘ పోరాటం అవసరమైంది. అది 1928లో సిద్ధించింది.

ఓటుహక్కు అందరికీ దక్కిన తర్వాత కూడా పౌరుల పని తీరలేదు. ఒకనాడు బానిసవ్యాపారంతో సంపన్నమైన బ్రిస్టల్ నగరమే అందుకు ఉదాహరణ. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత కరీబియన్ దీవులనుండి, భారత ఉపఖండంనుండి ఎందరో జీవనోపాధికై ఆ నగరానికి చేరుకున్నారు. అక్కడి బస్సుల సంస్థ నల్లజాతివారిని, ఆసియావారిని డ్రైవర్లుగా, కండక్టర్లుగా తీసుకొనేది కాదు. శ్రామికుల పక్షాన నిలవవలసిన కార్మికసంఘం స్థానికశాఖ కూడా ఈ వివక్షకు మద్దతుగా ఉండేది. జాతివివక్షను నేరంగా పరిగణించే చట్టం ఆనాడు బ్రిటన్‌లో లేదు. అన్యాయం జరుగుతున్నదని అందరికీ తెలుసు. దానిని నిరూపించే మార్గమే కరువైంది.

పాల్ స్టీఫెన్‌సన్ అనే యువజన కార్యకర్త ఒక ఉపాయం ఆలోచించాడు. గై బెయిలీ అనే పద్దెనిమిదేళ్ల జమైకా యువకునికి చదువు, నడవడి రెండూ ఉన్నాయి. అతని కోసం సంస్థకు ఫోను చేసి ఇంటర్వ్యూ ఏర్పాటు చేయించాడు. అతడు వెస్టిండీస్‌కు చెందినవాడని తెలిసిన వెంటనే ఆ ఇంటర్వ్యూ రద్దయింది. అంతవరకు గుసగుసగా ఉన్న అన్యాయానికి ఇప్పుడు తిరుగులేని సాక్ష్యం దొరికింది. రాయ్ హాకెట్, ఓవెన్ హెన్రీ మొదలైన స్థానికులతో కలిసి స్టీఫెన్‌సన్ 1963 ఏప్రిల్ చివర బస్సుల బహిష్కరణకు పిలుపునిచ్చాడు. అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో 1955లో మొదలైన బస్సుల బహిష్కరణ వారికి స్ఫూర్తినిచ్చింది.

నగర జనాభాలో నల్లజాతివారు చాలా కొద్దిమంది. వారు మాత్రమే బస్సులు మానివేస్తే సంస్థకు కలిగే నష్టం స్వల్పం. అందుచేత వారు నగర ప్రజల మనస్సాక్షిని తట్టారు. విశ్వవిద్యాలయ విద్యార్థులు ఊరేగింపు జరిపారు. ఆ నగరం నుండి పార్లమెంటుకు ప్రాతినిధ్యం వహించిన టోనీ బెన్, ప్రతిపక్షనాయకుడు హెరాల్డ్ విల్సన్ మద్దతు పలికారు. ప్రసిద్ధ క్రికెట్ క్రీడాకారుడు, ఆనాటి ట్రినిడాడ్ హైకమిషనరు లియరీ కాన్‌స్టంటైన్ బహిరంగంగా గళం విప్పాడు. నాలుగు నెలలు గడిచాక, 1963 ఆగస్టు 28న, రంగు ఆధారంగా ఎవరినీ నిరాకరించబోమని సంస్థ ప్రకటించింది. సెప్టెంబరు నెలలో తొలి శ్వేతజాతేతర కండక్టరుగా విధులలో చేరినవాడు భారత సంతతికి చెందిన రఘుబీర్ సింగ్ అనే సిక్కు. కరీబియన్లు ప్రారంభించిన పోరాటఫలం తొలుత ఒక భారతీయునికి అందడం గమనార్హం. మరుసటి ఏడాది విల్సన్ ప్రధాని అయ్యాడు. 1965లో బహిరంగ స్థలాలలో జాతివివక్షను నిషేధిస్తూ తొలి చట్టం వచ్చింది. 1968నాటి చట్టం ఆ నిషేధాన్ని ఉద్యోగాలకు, గృహవసతికి విస్తరింపజేసింది. ఒక నగరపు బస్సులలో తలెత్తిన ప్రశ్న దేశమంతటినీ ఆలోచింపజేసింది.

ఆ 1968లోనే, ఇంగ్లండు తూర్పుతీరంలోని హల్ నగరంలో, మరొక ఉద్యమం ప్రాణం పోసుకుంది. హెసిల్ రోడ్డు అనే పేట అక్కడి జాలరుల నివాసం. పురుషులు ట్రాలర్లు అనే పెద్ద వేటనౌకలలో ఐస్‌లాండు సమీపంలోని ఉత్తర సముద్రజలాలకు వెళ్లేవారు. వేట వారాల తరబడి సాగేది. చలికాలంలో ఎగిసిపడే నీటితుంపరలు నౌకమీదనే గడ్డకట్టేవి. ఆ మంచును గొడ్డళ్లతో ఎప్పటికప్పుడు కొట్టివేయకపోతే బరువు హెచ్చి నౌక ఒరిగి మునిగేది. బొగ్గుగనుల పనికంటే ప్రమాదకరమైన ఆ వృత్తిలో రక్షణ నియమాలు మాత్రం అంతంతమాత్రమే. ప్రతి నౌకలోనూ రేడియో ఆపరేటరు ఉండాలన్న నియమంకూడా లేదు.

1968 జనవరి, ఫిబ్రవరి నెలలలో మూడువారాల వ్యవధిలో హల్‌కు చెందిన సెయింట్ రొమానస్, కింగ్‌స్టన్ పెరిడాట్, రాస్ క్లీవ్‌లాండ్ అనే మూడు నౌకలు సముద్రగర్భంలో కలిసిపోయాయి. 58 మంది మరణించారు. బతికి బయటపడ్డది ఒకే ఒక్కడు. సెయింట్ రొమానస్‌లో రేడియో ఆపరేటరు లేడు. రేవు విడిచిన కొద్దిరోజులకే దానినుండి సమాచారం ఆగిపోయినా, ప్రమాద హెచ్చరిక జారీ కావడానికి రెండువారాలకు పైగా పట్టింది. ఇళ్లలో భార్యలు, తల్లులు ఏ కబురూ అందక ఎదురుచూస్తూ గడిపారు. ఒకే పేటలో ఇన్ని ఇళ్లు ఒక్కసారిగా దిక్కులేనివయ్యాయి.

లిలియన్ బిలోకా అనే స్త్రీ చేపలను శుభ్రంచేసే కర్మాగారంలో కార్మికురాలు. ఆమె భర్తా, కుమారుడూ ఇద్దరూ సముద్రంమీద బతికేవారే. దుఃఖంలో మునిగిన పేటలో ఆమె ఒక విన్నపపత్రం పట్టుకొని బయలుదేరింది. కొద్దిరోజులలోనే పదివేలమంది సంతకాలు చేశారు. క్రిస్టీన్ జెన్సెన్, మేరీ డెన్నెస్, ఇవాన్ బ్లెంకిన్‌సాప్ అనే మరో ముగ్గురు స్త్రీలు ఆమెతో కలిశారు. తలలకు రుమాళ్లు చుట్టుకొని పనికి వెళ్లే సామాన్య స్త్రీలు కావడంచేత తర్వాతి కాలంలో వారికి ‘తలగుడ్డల విప్లవకారిణులు’ అనే పేరు స్థిరపడింది.

నౌక బయలుదేరేవేళ స్త్రీలు రేవులోకి అడుగుపెడితే అరిష్టమని ఆ జాలరులలో ఒక నమ్మకం ఉండేది. భర్తను సాగనంపడానికైనా భార్య రేవుకు వెళ్లేది కాదు. ఆ ఆచారాన్ని పక్కకునెట్టి వందలాది స్త్రీలు రేవుకు తరలివచ్చారు. రేడియో ఆపరేటరు లేకుండా నౌక కదిలితే దానిపైకి దూకి ఆపుతానని బిలోకా ప్రకటించింది. అన్నట్లే ప్రయత్నించింది. పోలీసులు ఆమెను పట్టి ఆపారు. ఆ ఛాయాచిత్రాలు పత్రికలలో ప్రచురితమై దేశప్రజలను కదిలించాయి.

వారి కోరికలు స్పష్టమైనవి. ప్రతి నౌకలోనూ పూర్తిస్థాయి సిబ్బంది ఉండాలి. రేడియో ఆపరేటరు తప్పక ఉండాలి. రక్షణ పరికరాలు మెరుగుపడాలి. వేటనౌకల వెంట వైద్యసదుపాయం గల తోడునౌక ఉండాలి. ఏ ఒక్కటీ గొంతెమ్మ కోరిక కాదు. ఫిబ్రవరి మొదటివారంలో వారు లండను వెళ్లి మంత్రులను కలుసుకున్నారు. మూడవ నౌక మునిగిన వార్త అప్పటికే దేశాన్ని కుదిపివేసింది. ప్రభుత్వం వారి డిమాండ్లను అంగీకరించింది. 88 రక్షణ చర్యలు అమలులోకి వచ్చాయి. జాలరుల రక్షణపై విచారణకు నియమించిన సంఘం 1969లో నివేదిక సమర్పించింది. ఎన్నో ఏళ్లుగా పరిష్కారం కాని సమస్యను ఆ స్త్రీలు కొద్దివారాలలో కదిలించారు.

అయితే ఈ విజయానికి బిలోకా చెల్లించిన మూల్యం చిన్నదికాదు. ఆడవారికి ఈ విషయాలతో ఏమిపని అని నిందిస్తూ ఆమెకు ఎన్నో ద్వేషపూరిత లేఖలు వచ్చాయి. నిందించినవారిలో సొంత ఊరివారూ ఉన్నారు. ఆమె ఉద్యోగం కోల్పోయింది. చేపల పరిశ్రమలో ఆమెకు మళ్లీ పని దొరకలేదు. 1988లో ఆమె మరణించింది. ఎవరి ప్రాణాలకోసం ఆమె పోరాడిందో వారిలో చాలామంది వృద్ధాప్యం చూడగలిగారు. ఆలస్యంగానైనా నగరం తన తప్పు గ్రహించింది. ఆమె రూపాన్ని గోడలపై చిత్రించి గౌరవించుకుంది.

నేడు సంతకం చేయడం సులభమైంది. బ్రిటన్ పార్లమెంటుకు అంతర్జాలం ద్వారా విన్నపాలు పంపవచ్చు. పదివేల సంతకాలు దాటితే ప్రభుత్వం సమాధానం ఇస్తుంది. లక్ష దాటితే ఆ విషయాన్ని చర్చకు పరిశీలిస్తారు. అయినా సంఖ్య ఒక్కటే ఫలితాన్ని నిర్ణయించదు. ఇరాక్ యుద్ధం వద్దంటూ 2003 ఫిబ్రవరి 15న లండను వీథులలో లక్షలాది ప్రజలు నడిచారు. మరుసటి నెలలోనే యుద్ధం మొదలయింది. ఐరోపా సమాఖ్యనుండి వైదొలగరాదని 2019లో అరవైలక్షలకు పైగా సంతకాలతో వచ్చిన విన్నపాన్ని ప్రభుత్వం అంగీకరించలేదు. దేశం 2020లో సమాఖ్యను వీడింది. దేశప్రజలే రెండుగా చీలిన విషయంలో ఒక పక్షం సంతకాలు ఎన్ని ఉన్నా అవి తుదితీర్పు కాజాలవు.

బ్రిస్టల్, హల్ నగరాల ఉద్యమాలను పోల్చిచూస్తే కొన్ని సామాన్య లక్షణాలు కనిపిస్తాయి. రెండింటిలోనూ సమస్య ప్రత్యక్షంగా తెలిసినవారే ముందు నిలిచారు. తిరుగులేని సాక్ష్యాన్ని లోకం ముందుంచారు. ఏమి కావాలో స్పష్టంగా అడిగారు. తమకు బయట ఉన్నవారినికూడా కలుపుకొన్నారు. అన్నిటినీ మించి, చేసిన సంతకానికి కట్టుబడి కష్టనష్టాలు భరించారు. కాగితంమీద పేరు రాయడానికి క్షణం చాలు. ఆ పేరు వెనుక నిలబడడానికి కొన్నిసార్లు జీవితకాలం పడుతుంది. సామాన్యుని సంతకానికి విలువ అక్కడినుండే వస్తుంది.

కఠినపదాలు - అర్థాలు

స్పృహ : తెలివిడి, ఎరుక
గోచరించు : కనిపించు
చట్టసమ్మతం : చట్టం అంగీకరించినది
రూపుమాపు : పూర్తిగా లేకుండా చేయు
వివక్ష : భేదభావంతో చూడడం
అరిష్టం : కీడు, అశుభం
గొంతెమ్మ కోరిక : తీర్చడానికి సాధ్యంకాని కోరిక
మూల్యం : వెల

ప్రశ్నలు

అ. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. హల్ నగర స్త్రీలు సాగించిన ఉద్యమాన్ని, దాని ఫలితాలను వివరించండి.
2. ‘ఒక చట్టం సాధించడంతో న్యాయం సంపూర్ణం కాదు.’ బానిసవ్యాపార నిషేధ చరిత్ర ఆధారంగా ఈ వాక్యాన్ని సమర్థించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. బ్రిస్టల్ బస్సుల సంస్థ వివక్షను పాల్ స్టీఫెన్‌సన్ ఏ విధంగా నిరూపించాడు?
2. 1848నాటి చార్టిస్టుల విన్నపం ఎందుకు నవ్వులపాలైంది?
3. లిలియన్ బిలోకా తన పోరాటానికి చెల్లించిన మూల్యం ఏమిటి?

ఇ. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. బానిసవ్యాపార నిషేధ చట్టం ఏ సంవత్సరంలో వచ్చింది?
2. బ్రిస్టల్‌లో తొలి శ్వేతజాతేతర కండక్టరు ఎవరు?
3. హల్ నగరం కోల్పోయిన మూడు నౌకల పేర్లు ఏవి?